గురివెందగింజ తూకము

ఇరువదిమూడేండ్లుగా పిల్లలకు శబ్దమంజరిని, ఇంగ్లీషు వ్యాకరణమును చెప్పి జీవించుచున్నవాడను. రసాయనశాస్త్రముతో నాకు గల పరిచయము మా పాఠశాలలోని ప్రయోగశాల ప్రక్కగా నడచిపోవునప్పుడు ముక్కునకు సోకు వాసన మాత్రమే. అట్టివాడు గాజుపళ్లెములలో పెరుగు జీవకణములందలి రాగిని కొలుచు విద్యను గూర్చి వ్రాయబూనుట చూచి చదువరులు నవ్వినను నవ్వవచ్చును. నేను ఆ విద్యను వెదకికొని పోలేదు; అదియే మా యింటికి వచ్చినది. వచ్చిన విధము చెప్పుదును. చెప్పుటకు సిగ్గగుచున్నను చెప్పుదును.

మా చెల్లెలి కుమారుడు గుంటూరులో మా యింటనుండి, నేను పనిచేయు బడిలోనే చదువుచుండెను. వాని దస్తూరి ముత్యాలకోవవలె నుండెడిది. ఎనిమిదవ తరగతిలో నుండగా అది చెడ మొదలుపెట్టెను. అక్షరములు చిన్నవై, ఒకదానిపై నొకటి యొరిగి, పంక్తి చివరకు పోవుసరికి చీమలబారుగా మారెడివి. తలకట్లు ఊడెను, ఒత్తులు క్రిందిపంక్తిలోనికి జారెను. నేను ఉపాధ్యాయుడను గదా, రోగము నాకు వెంటనే తెలిసినది: అశ్రద్ధ! వాని పుస్తకమున పుటపుటకును ఎఱ్ఱసిరాతో ఆ మాట వ్రాసితిని. చెడిన మాటనెల్ల నూఱేసి సారులు తిరుగవ్రాయించితిని. "మామయ్యా, చేయి వణకుచున్నది" అని వాడొకనాడు చెప్పగా, రాత్రులు సెల్‌ఫోను పట్టుకొని కూర్చున్న చేయి వణకక యేమి చేయునని కసరితిని.

తరువాత మాట ముద్దగా రాసాగెను. భోజనమునకు కూర్చున్నప్పుడు కబళము వ్రేళ్లనుండి జారెడిది. ఉన్నట్టుండి కోపము, ఉన్నట్టుండి ఏడ్పు. ఊరినుండి వచ్చిన పెద్దలు గాలి సోకినదనిరి, తాయెత్తు తెచ్చిరి. నేను దానిని కట్టనీయలేదు. కట్టనీయకుండుటయే గాక మూఢవిశ్వాసములను గూర్చి వారికి అరగంట యుపన్యసించితిని. ఇప్పుడు తలచుకొన్నచో, జరిగినదానియందెల్ల ఆ యుపన్యాసమే నన్ను మిక్కిలి బాధించును. గాలి యన్నవారును, అశ్రద్ధ యన్న నేనును ఒక్క జాతివారమే. ఉభయులమును పిల్లవానిని పరీక్షింపకయే తీర్పు చెప్పితిమి. వారు తాయెత్తయినను తెచ్చిరి; నేను ఎఱ్ఱసిరా మాత్రమే తెచ్చితిని.

ఇట్లు ఎనిమిది మాసములు గడచిన పిమ్మట ఒక వైద్యుడు వాని కంటిలోనికి యంత్రపు దీపముతో చూచి, నల్లగ్రుడ్డు అంచున గోధుమవన్నెయు ఆకుపచ్చయు కలిసిన యొక సన్నని వలయమును నాకును చూపెను. దానికి కైజర్–ఫ్లైషర్ వలయమని పేరట. 1902, 1903 సంవత్సరములలో జర్మనీలోని వైద్యులిరువురు దానిని వర్ణించిరి. రోగము విల్సన్ రోగము. లండనులోని కిన్నియర్ విల్సన్ 1912లో దీనిని వివరించెను. మనము తిను అన్నములో నుండు రాగి యించుక దేహమునకు వలసినదే. మిగిలినదానిని కాలేయము పైత్యరసముతో వెలుపలికి పంపును. ఈ రోగులలో ఆ పంపు దారి పుట్టుకతోనే మూసికొని యుండును. రాగి కాలేయమున నిండి, పొర్లి, మెదడునకును కంటికిని చేరును. రోగుల మెదడులోను కాలేయములోను రాగి మితిమీరి యుండునని 1948 నాటికి స్థిరపడెను. దానిని మూత్రముగుండ దింపు పెనిసిల్లమీన్ అను మందును 1956లో ఇంగ్లండు వైద్యుడు జాన్ వాల్షీ ప్రకటించెను. లోపమునకు మూలమైన జన్యువు 1993లో బయటపడెను. ఇన్నియు తెలిసియున్న లోకములో నా మేనల్లుడు నా యెదుట కూర్చుండి వణకు చేతితో మాటలను నూఱేసి సారులు వ్రాసెను.

జన్యుపరీక్షలో మఱియొక సంగతి తేలినది. మనకు ప్రతి జన్యువును తల్లివలన నొకటి, తండ్రివలన నొకటి, రెండు ప్రతులుగా వచ్చును. ఒక ప్రతి చెడినను రెండవది పని నడపును. రెండును చెడినప్పుడే ఈ రోగము. మావాని రెండు ప్రతులలోను తప్పున్నది. ఉండుట యటుంచి, రెండింటను ఒకే చోట, ఒకే తప్పు! తాళపత్రములను పరిష్కరించువారి కిది తెలిసిన మర్మమే. రెండు ప్రతులందు ఒకే తావున ఒకే లేఖకదోషము కనబడినచో అవి రెండును ఒక్క మాతృకనుండి దిగినవని నిర్ణయింతురు. ఇచట మాతృక మా మాతామహుల యిల్లు. మా చెల్లెలిని మేనమామ కుమారునికే యిచ్చితిమి.

ఆ పెండ్లినాటి మాట యొకటి దాచరానిది. దగ్గఱి రక్తములో పెండ్లి మంచిది కాదని డాక్టరొకరు మా తండ్రిగారికి చెప్పగా వారు సంశయించిరి. నాకప్పు డిరువదెనిమిదేండ్లు, సంస్కృతము చదివిన వేడి ఇంకను తగ్గలేదు. బౌధాయన ధర్మసూత్రమును తెచ్చి ముందు పెట్టితిని. మేనమామ కూతురిని, మేనత్త కూతురిని పెండ్లాడుట దక్షిణదేశపు ఆచారమని అందున్నది. ఏ దేశపు ఆచారమునకు ఆ దేశమే ప్రమాణమనియు నున్నది. తండ్రిగారు తలయూపిరి. ఆ పట్టుననే, ఇది తగదని గౌతముని మతముగా మఱియొక వాక్యమున్నది. దానిని నేను ఆనాడు చదివి వినిపింపలేదు. ఈ చెడిన జన్యుప్రతి సామాన్యముగా తొంబదిమందిలో ఒకరికి ఉండునందురు. ఒకరికి ఉన్నదని తెలిసినచో వారి మేనబావకో మేనమఱదలికో ఉండు నవకాశము ఎనిమిదింట నొకటి. ఈ లెక్క బౌధాయనునికిని తెలియదు, గౌతమునికిని తెలియదు. నాకు తెలిసికొను నవకాశముండెను.

మేనల్లునికి మందు మొదలైనది. అటుపై వైద్యుల దృష్టి వాని చెల్లెలిమీదకు పోయెను. ఆ పిల్లకు పండ్రెండేండ్లు. చూచుటకు లక్షణముగా నున్నది. అయినను తోబుట్టువునకు ఈ రోగముండు నవకాశము నాలుగింట నొకపాలు. లక్షణములు పుట్టకమునుపే పట్టుకొన్నచో మందుతో జీవితమంతయు సుఖముగా గడపవచ్చును. కావున ఇరువదినాలుగు గంటల మూత్రమును పట్టి పంపుమనిరి. ఫలితము వచ్చినది: దినమునకు 212 మైక్రోగ్రాముల రాగి. 40 లోపల నుండవలసినది. 100 దాటినచో రోగమని యెంతురు. రక్తపరీక్షలో సెరులోప్లాస్మిన్ కూడ ఇంచుక తక్కువగా నుండెను. మా చెల్లెలు ఆ కాగితము పట్టుకొని వసారాలో కూలబడెను.

ఆ రాత్రి నా పూర్వశిష్యురాలికి ఫోను చేసితిని. హైదరాబాదులోని యొక పరిశోధనాలయమున, పెంచిన కణములలోని లోహములను కొలుచుట ఆమె వృత్తి. నేను అంకె చెప్పగా ఆమె పిల్లకెట్లున్నదని యడుగలేదు, "మాస్టారూ, దేనిలో పట్టినారు?" అని యడిగెను. వారిచ్చిన ప్లాస్టిక్ డబ్బాలోనే యంటిని. "డబ్బా సరే. డబ్బాలోనికి దేనితో పోసినారు?" మా చెల్లెలి నడిగితిని. స్నానాల గదిలోని ఇత్తడి చెంబుతో! నీళ్లలో నానుచుండు పాతచెంబు. "మిగిలియున్న నమూనాలో తుత్తునాగమును కూడ కొలువుడని యడుగుడు, మాస్టారూ" అని యామె చెప్పెను. ఇత్తడి యనగా రాగియు తుత్తునాగమును గదా! కొలిచిరి. తుత్తునాగము ఉండవలసినదానికి ఎన్నియో రెట్లుండెను. చెంబు తన పేరు తానే చెప్పుకొన్నది. ఆమ్లముతో కడిగిన ప్లాస్టిక్ పాత్రలో మరల పట్టి పంపగా 31 వచ్చెను.

అంకెను విన్నవెంటనే పాత్రను గూర్చి యడుగు బుద్ధి ఆమెకు ఎచటనుండి వచ్చినది? నేనిచ్చిన చదువువలన కాదు. అది చూడవలెనని వేసవి సెలవులలో హైదరాబాదు పోతిని.

గదిలోనికి పోకముందే పాదరక్షలు విప్పించి, తలకు టోపీ పెట్టించి, నా వ్రేలి యుంగరమును తీయించెను. బంగారమే యంటిని. బంగారములో కంసాలి కలిపిన రాగి మాట యేమనెను. చేతొడుగులును పొడి లేనివే. రబ్బరు తయారీలో తుత్తునాగపు భస్మము వాడుదురట, అది వ్రేళ్లనుండి నమూనాలోనికి దిగును. గాజుసీసాలు కనబడలేదు, గాజు కూడ లోహములను కొంచెముకొంచెముగా విడుచునట. ప్లాస్టిక్ గిన్నెలన్నియు పలుచని నత్రికామ్లములో రాత్రియంతయు నాని యుండెను. మా నాయనమ్మగారి మడి జ్ఞాపకమునకు వచ్చినది. కాని ఆ మడికి పరీక్ష లేకుండెను. దీనికి ప్రతిదినమును పరీక్ష కలదు.

కణములు చదునైన పళ్లెములో గులాబివన్నె ద్రవము క్రింద పలుచని పొరగా అంటుకొని యుండెను. సూక్ష్మదర్శినిలో చూడగా వానవెలిసిన పిమ్మట బండమీద పరచిన గులకరాళ్లవలె కనబడెను. ఇవి కాలేయకణములు, పేరు హెప్‌జి2. అర్జెంటీనాకు చెందిన పదునైదేండ్ల బాలుని కాలేయములో పుట్టిన పుండునుండి తీసినవి. 1979లో ఫిలడెల్ఫియానుండి వీనిని గూర్చి ప్రకటించిరి. నాటినుండి ప్రపంచమందలి ప్రయోగశాలలలో పెరుగుచునే యున్నవి. ఆ బాలుని పేరు ఎచటను చెప్పరు. పదునైదేండ్లు అనగానే నేను సూక్ష్మదర్శినినుండి కన్ను తీసితిని. ఆమె కారణ మడుగలేదు.

ఈ కణములలో విల్సన్ రోగపు జన్యువును చెడగొట్టి, రాగి యిచ్చి, ఎంత లోనికి పోయినది, ఎంత వెలుపలికి రాలేక నిలిచినది కొలుచుట వారి పని. ఏదేని మందుతో వంకరపోయిన ప్రోటీను మరల దారి తెఱచునా యనునది ప్రశ్న. ప్రశ్న పెద్దది, తూకము మిక్కిలి చిన్నది. ఎదిగిన మనుష్యుని దేహములోని రాగియంతయు పోగుచేసినను సుమారు నూఱు మిల్లీగ్రాములు. కంసాలి త్రాసులో వేయు గురివెందగింజ నూటయిరువది యుండును. నిలువెత్తు మనిషి రాగి యొక్క గింజకు తూగదు! ఇక పదిలక్షల కణములలో నుండునది కొన్ని నానోగ్రాములు. గురివెందగింజను పదికోట్ల తునకలు చేసి అందు కొన్నింటిని తీసికొన్నట్లు.

మొదటి చిక్కు కణములను కడుగుటలో నున్నది. అవి బ్రతుకు ద్రవములో దూడ రక్తరసము కలుపుదురు; ఆ రసములో దాని యినుము, దాని రాగి, దాని తుత్తునాగము ఉండనే యుండును. కణము వెలుపల అంటినదానిని కణములోనిదిగా లెక్కించినచో పని చెడును. కావున చల్లని లవణజలముతో మూడుమాఱులు కడుగుదురు. లోహమును పట్టిలాగు ఇడిటిఎ యను ద్రవ్యమును అందు కలుపుదురు. మిక్కిలి కడిగినచో కణములు పగిలి లోనిది పోవును. తక్కువ కడిగినచో వెలుపలిది మిగులును. ఎంత కడుగవలెనో గ్రంథము చెప్పదు, చేయి నేర్చుకొనవలెనని యామె చెప్పెను. పిమ్మట కణముల సంఖ్యనో, వాని ప్రోటీనునో లెక్కించి, శుద్ధమైన నత్రికామ్లములో వేడిచేయుదురు. కణములు కరగి నీరువలె నగును. జీవుడన్న జాడ యేమియు నుండదు.

ఆ నీటిలో ఇరువది మైక్రోలీటర్లు, అనగా చిన్నచినుకులో సగము, వ్రేలి కణుపంత పొడవుగల గ్రాఫైట్ గొట్టములో వేయుదురు. విద్యుత్తుతో గొట్టము మొదట నూఱు డిగ్రీలు దాటి తడి యారును. పిదప వేయి డిగ్రీల ప్రాంతమున మిగిలిన చెత్త కాలును. తుదకు రెండువేలకు పైబడి తెల్లగా వెలిగి ఆ కాస్త రాగిని పరమాణువులుగా ఆవిరిచేయును. ఆ ఆవిరిగుండ రాగితో చేసిన దీపపు వెలుగును పంపుదురు. పాముకాళ్లు పామునకే యెఱుక. రాగి దీపము విడుచు 324.8 నానోమీటర్ల కిరణమును రాగి పరమాణువే మ్రింగును. మఱి యే లోహమును దానిని అట్లు పట్టికొనదు. ఎంత వెలుగు మాయమైనదో అంత రాగి. ఇదంతయు రెండుమూడు క్షణములలో ముగియును. తెరమీద ఒక చిన్న కొండ లేచి పడును.

ఈ కిరణవిద్యతో మా గుంటూరునకు పాతచుట్టరికము కలదని నేను చెప్పగా ఆమె ఆశ్చర్యపడెను. బున్సెన్, కిర్కాఫ్ అనువారు జర్మనీలో 1859 ప్రాంతమున ఒక్కొక్క ధాతువునకు ఒక్కొక్క రేఖావళి యుండునని చూపిన కొలదియేండ్లకే, 1868 ఆగస్టు 18వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకు ఫ్రాన్సునుండి జాన్సెన్ గుంటూరునకు వచ్చెను. సూర్యుని అంచున లేచు జ్వాలలలో మెఱయు రేఖలను చూచి, గ్రహణము లేకున్నను వానిని చూడవచ్చునని గ్రహించి మఱునాడే చూచెను. ఆనాడే మచిలీపట్టణమున పాగ్సన్, వనపర్తిలో చింతామణి రఘునాథాచార్యులవారు అదే గ్రహణమును పరిశీలించిరి. హీలియము కథ అచటనుండియే మొదలగును. మన ఊళ్లలో ఆనాడు పట్టువిడుపు స్నానములు చేసిన వేలమందికి, మామిడితోపులకావల ఒకడు సూర్యునిలో నున్నదేమో చదువుచున్నాడని తెలిసియుండదు.

అయినను తొంబదియేండ్లు ఎల్లరును ప్రాయికముగా వెలువడు వెలుగునే చూచిరి. మ్రింగబడిన వెలుగును కొలిచిన పని సులభమగునని ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరమున ఆలన్ వాల్ష్ అనునతనికి 1952లో ఒక ఆదివారమునాడు తోటపని చేసికొనుచుండగా తోచినదట, 1955లో ప్రకటించెను. మందు కనుగొన్న వాల్షీ వేఱు, ఈ వాల్ష్ వేఱు. గ్రాఫైట్ గొట్టము 1959లో లెనిన్‌గ్రాడునందలి ల్వోవ్ అనువాని కల్పన. ఆ ప్రక్కగదిలో మఱియొక పెద్దయంత్రము నుండెను; ఆర్గాన్ వాయువును సూర్యుని యుపరితలము కంటెను వేడిగా మండించి, పరమాణువులను బరువునుబట్టి వేఱుచేసి, ఒక్కమాఱే ఇరువది ముప్పది లోహములను కొలుచునది. ఇప్పుడు పనులలో పెక్కు దానికే పోవుచున్నవి. నాకు మాత్రము గొట్టమే నచ్చినది. అందు నిప్పు కనబడును.

ఇక నేను చూడవచ్చిన సంగతి. నమూనాల వరుసలో కణములు లేని పళ్లెము లొకమూడు ఉండెను. వానికిని అదే ద్రవము పోసిరి, అన్నిమాఱులు కడిగిరి, అదే ఆమ్లములో అంతసేపు కాచిరి. ఏమియు లేనిదాని కింత శ్రమ యెందులకని యడిగితిని. వీనిని బ్లాంకు లందురట. నా బుద్ధికి శూన్యపరీక్ష యను పేరు తోచినది. ఆ శూన్యములో రాగి కనబడును! అది నీటిది, ఆమ్లముది, ప్లాస్టిక్కుది, గాలిలోని దుమ్ముది, కొలుచువాని చేతిది. దానిని ముందు కొలిచి తీసివేసినగాని కణము మాట వినబడదు. తర్కములో వ్యతిరేకమని మేము వల్లించితిమి. నిప్పు లేనిచోట పొగ లేదని మడుగును చూపి తృప్తిపడితిమి. మడుగును నిజముగా పోయి చూచినవాడు మాలో లేడు.

ఆమె తన దినచర్యపుస్తకములో ఒక పుటను చూపెను. ఆనాటి నమూనా 14, శూన్యము 9. పుటకు అడ్డముగా గీత గీసి యుండెను. మూడువారములు పెంచిన కణములు! 14లో 9 తీసివేసి 5 అని వ్రాసికొనరాదా యని యడిగితిని. "తీసివేయవచ్చును మాస్టారూ, కాని ఆ తొమ్మిది నిలుకడగా లేదు, ఒక పళ్లెములో ఆఱు, ఒకదానిలో పండ్రెండు. అప్పుడు ఐదు అనునది నా కోరిక యగును గాని కొలత కాదు" అనెను. దోషము క్రొత్తగా తెఱచిన ఆమ్లపు సీసాలో నున్నదని నాలుగుదినములకు తేలినదట. శూన్యము సరిపడిన దినమున కూడ వారు నమ్మరు. అమెరికా ప్రమాణసంస్థవారు లోహముల పాళ్లు నిర్ణయించి అమ్ము ఆవుకాలేయపు పొడిని కూడ తూచి, సరియైన అంకె వచ్చినగాని తమ అంకెను వ్రాయరు. దూడ రక్తరసము, ఆవు కాలేయము అని వినునప్పుడు నా ముఖమెట్లున్నదో గాని ఆమె నవ్వు నాపుకొనుట చూచితిని.

ఈ జాగ్రత్త యెంతపనికి వచ్చునో ఒక్క యుదాహరణము చాలును. 1950, 60 ప్రాంతముల గ్రంథములలో ఆరోగ్యవంతుని రక్తరసమున లీటరునకు పదులకొలది మైక్రోగ్రాముల క్రోమియ మున్నట్లు వ్రాసియుండిరి. ఏండ్లు గడచినకొలదియు అంకె తగ్గుచు వచ్చి, 1980 తరువాత ఒక మైక్రోగ్రాములో ఐదవవంతునకు లోబడెను. మనుష్యుని రక్తము మాఱలేదు. వెనుకటివారు కొలిచినది చాలవఱకు రక్తము తీసిన ఉక్కుసూదిని, పాత్రను, గది దుమ్మును. వారు మోసగాండ్రు కారు. శ్రద్ధావంతులే, యంత్రములును మంచివే. తమ సూదిని ముందుగా కొలువలేదు, అంతే. ఇన్నాళ్లు ఆ అంకెలమీద ఎందఱెందఱు ఎన్ని సిద్ధాంతములు కట్టియుందురో!

వీనికి తోడు ఆమె చెప్పిన మఱియొక వింత నన్ను వదలలేదు. మెన్కెస్ రోగమని విల్సన్ రోగమునకు తోబుట్టువు వంటిది కలదు, 1962లో వర్ణింపబడినది. ఆ శిశువుల జుట్టు ముతకగా మెలితిరిగి యుండును. మెల్బోర్నులోనే డేవిడ్ డాంక్స్ అను వైద్యుడు ఆ జుట్టును చూచి, రాగి లేని మేతవలన చెడిన గొఱ్ఱెల ఉన్నిని తలచుకొని, 1972లో ఆ శిశువులకు రాగి చాలకున్నదని చూపెను. అయితే ఆ శిశువుల చర్మమునుండి కణములు తీసి పళ్లెములో పెంచి కొలువగా, అందు రాగి కొఱతగా కాక మితిమీరి యుండెను! ప్రేగులకణములు తీసికొన్న రాగిని విడువలేక తమలోనే ఉంచుకొనును, దేహము మాడును. పళ్లెములోని కణమును అట్లే కూడబెట్టును. దేహమును మాత్రము కొలిచినవాడు లేమి యనును, కణమును మాత్రము కొలిచినవాడు కలిమి యనును. రెండును కొలిచినగాని దారి మూసికొన్నదని తెలియదు.

సాయంకాలము రైలునకు వచ్చుచు, "మాస్టారూ, గురివెందగింజ తన నలుపెఱుగదని మీరే గదా చెప్పినారు" అని యామె నవ్వెను. ఔను, ఇరువదిమూడేండ్లుగా చెప్పుచున్నాను. అదే గింజతో కంసాలి లోకుల బంగారము తూచునని మాత్రము చెప్పలేదు.

గుంటూరు చేరిన వారమునకు పిల్ల జన్యుపరీక్ష వచ్చినది: ఒక ప్రతిలో తప్పున్నది, రెండవది శుద్ధము. రోగము లేదు; సెరులోప్లాస్మిన్ తగ్గుటకు కారణమును అదే. మా చెల్లెలు దేవునికి దీపము పెట్టెను. నేను మఱునాడు పోయి రక్తమిచ్చితిని. మా మాతామహుల తప్పు మా తల్లిగుండనే గదా చెల్లెలికి వచ్చినది, నాకును సగము పాలు అవకాశమున్నది. వచ్చినది. అదే తావున, అదే దోషము. నాకు దానివలన కీడేమియు లేదు.

ఇది యెందులకు చేసితినో చదువరులకు చెప్పవలెను. ఈ పిల్ల పుట్టిననాడు మా యమ్మ దానిని నాలుగైదేండ్ల నా కుమారుని యొడిలో పెట్టి, "నీ పెండ్లామురా" అనెను. నాటినుండి ఇంట ఆ మాట చెల్లుచున్నది. పండుగలకు వేళాకోళముగా, పండుగలు కానప్పుడు నిజముగా. నా కుమారునికి పదునేడేండ్లు. పరీక్ష చేయించుకొనుటయు మానుటయు పెద్దవాడైన పిమ్మట వాని యిష్టము. కాని ఆ మాట ఇంట వినబడరాదని నేను అందఱిని కూర్చుండబెట్టి చెప్పితిని. అమ్మ, మనపిల్లను పరాయివారికిచ్చుటయా యని కంట తడిపెట్టెను. నేను నా కాగితమును ఆమె చేతికిచ్చి, బౌధాయనుని కథయు, చదువని గౌతముని వాక్యమును చెప్పితిని. చెల్లెలు చాలసేపు మాటాడలేదు. పిదప, "అన్నయ్యా, ఆ వాక్యము కూడ ఆనాడు చదివియుండరాదా?" అనెను. కోపముతో అనలేదు. బావ లేచి పెరటిలోనికి పోయెను.

మేనల్లుడు ఇప్పుడు పదవతరగతి. మందు పట్టినది. మొదటి నెలలలో వణకు హెచ్చి మమ్ము భయపెట్టెను గాని పిదప తగ్గుచున్నది, పూర్తిగా పోలేదు. జీడిపప్పు, చాక్లెట్టు తినరాదన్నదే వానికి పెద్దబాధ. మొన్న అలమర సర్దుచు ఆ పాతపుస్తకమును బయటికి తీసి నా యొద్దకు తెచ్చెను. పుటలు త్రిప్పి ఎఱ్ఱసిరా మాటమీద వ్రేలు పెట్టి, "మామయ్యా, ఇచట మీ దస్తూరి కూడ వంకరగానే యున్నది" అనెను.

కండ్లజోడు పెట్టుకొని చూచితిని. ద్ధకారపు ఒత్తు క్రిందిపంక్తిలోనికి జారియున్నది.